మిషన్ ఆపి విన్న పాటలు

పొద్దున ఏడింటికి మా దర్జీ భాయ్ నంబరు నుంచి ఒక పాట రావాలి. పోయిన శుక్రవారం ఏడింటికి వచ్చింది మాత్రం ఆయన కూతురు రాసిన రెండు ముక్కలు. "మా అబ్బా రాత్రి నిద్రలనే పోయిండ్రు. మీకు చెప్పమని ఎవ్వరు అనలే, నాకే చెప్పాలనిపించింది."

కరీంనగర్‌లో మా గల్లీ చివరే ఆయన దుకాణం. ముప్పై ఏళ్లు నా జాకెట్లు కుట్టారు. ఒక్కటీ చెప్పిన రోజుకు ఇవ్వలేదు. కుడుతున్నంతసేపూ ఫోనులో పాటలు. సినిమా పాటలు కావు. ఏ కంపెనీ అండా లేకుండా తామే రాసుకుని, తామే పాడి, తామే వీడియో తీసి పెట్టుకునే పిల్లల పాటలు. పది మంది కూడా చూడనివాటిని ఎక్కడెక్కడి నుంచో ఏరి తెచ్చేవారు. పాట బాగుందని ఆయన నోటితో అనగా నేను వినలేదు. బాగుంటే మిషన్ మీద కాలు ఆగేది, అంతే. సగం కుట్టిన జాకెట్ చెయ్యి సూది కింద వేలాడుతూ ఉండేది. మధ్యాహ్నపు వెలుగులో దూది నలుసులు తేలుతుండేవి. ఎక్కడో నిర్మల్ దిక్కున ఎవరో పిల్లవాడు పాడుతుంటే ఇక్కడ దుకాణమంతా ఊపిరి బిగబట్టేది.

అలా అక్కడ చెవి పడేసిన తొమ్మిది మందిమి కలిసి ఫోనులో ఒక గ్రూపు అయ్యాం. అందులో ఒక నర్సు, గ్రానైటు కోసే మిషన్ నడిపే అతను, పింఛను తింటూ అందరికీ వంకలు పెట్టే నేను. భాయ్ అడిగేది ఒక్కటే: "పాట అయినంక గూడ చూడుండ్రి టీచరమ్మా. ఫోన్ బంద్ చెయ్యనీకి పాడినోళ్లు దగ్గరికొస్తరు గదా, అసలు మొఖం గప్పుడే కనవడ్తది."

నేను ఏళ్ల తరబడి పరీక్ష పేపర్లు దిద్దినదాన్ని. చదవకుండా మార్కులు వేసే పంతుళ్లను స్టాఫ్‌రూములో ఉతికి ఆరేసినదాన్ని. అలాంటిదాన్ని ఒకరోజు పోపు మాడుతోందని, ఆయన పంపిన పాట వినకుండానే "గొంతు బాగుంది" అని రాసేశాను. అప్పటికే ఇద్దరు చప్పట్లు కొట్టారు. ఒకరికైతే కళ్లలో నీళ్లే తిరిగాయట. తీరా చూస్తే ఆ వీడియోలో శబ్దమే లేదు. పంపడంలో ఎక్కడో పోయింది.

సాయంత్రం దుకాణానికి వెళితే తల ఎత్తకుండానే అన్నారు.

"గొంతు బాగుందన్నరు. జర నాకు గూడ వినిపియ్యుండ్రి."

"తప్పయింది భాయ్."

"గా పిల్లలకు ఒక్కరు విన్నా చాలు టీచరమ్మా. తొమ్మిది మంది ఉన్నరని నేను ఖుష్ అయిన. ఒక్కరు గూడ వినలే."

ఆ తర్వాత పదకొండు రోజులు పాట రాలేదు. పన్నెండో రోజు వెళ్లి ఆయన ఎదురుగా స్టూలు వేసుకుని కూర్చున్నాను.

"మీ జాకెట్ ఇంక కాలే."

"ఎన్నడన్న అయిందా? పాట పెట్టుండ్రి. మొత్తం వింట."

నవ్వు ఆపుకోలేకపోయారు. పాట పెట్టారు. అయ్యాక పరీక్ష కూడా పెట్టారు: "ఆఖరికి ఏమైంది?"

"పిల్ల లేచొచ్చింది. ఆపే ముందు నాలుక కర్సుకుంది. యాడనో తప్పు పాడినట్టుంది."

"పాస్," అన్నారు. అంత భయపడుతూ నేను ఏ పరీక్షా రాయలేదు. మరునాడు ఏడింటికి పాట వచ్చింది.

ఆయన పోయేముందు, గురువారం పొద్దున పంపిన ఆఖరి పాటను నేను వినలేదు. ఆ రోజు కంటి డాక్టరు దగ్గర చుక్కల మందు వేయించుకుని వచ్చి, రేపు చూద్దాంలే అనుకున్నాను. ఆ తర్వాత చేయి రాలేదు. అది కూడా వినేస్తే ఇక మిగలదు. వినకుండా ఉంచితే ఆయన మళ్లీ తల ఎత్తకుండానే "ఒక్కరు గూడ వినలే" అంటున్నట్టుంటుంది.

నిన్న మధ్యాహ్నం పొయ్యి ఆపి, టీవీ ఆపి, ఫ్యాను కూడా ఆపి కూర్చుని ఆ పాట పెట్టాను. బోథ్ దిక్కు పత్తి చేను. గట్టు మీద ప్లాస్టిక్ కుర్చీలో గిటారుతో ఒక అమ్మాయి. పత్తి ఏరి ఏరి గరుకెక్కిన వేళ్ల గురించి, చాలా మెల్లగా పాడింది. పాట అయ్యాక ఎవరో పిలిచినట్టున్నారు, "వస్తున్ననే!" అంటూ గిటారు పట్టుకుని గట్టు వెంట వెళ్లిపోయింది. ఫోను సంగతే మరిచిపోయింది.

ఆఖరికి ఏమైందంటే భాయ్, ఆపడానికి ఎవరూ రాలేదు. ఖాళీ కుర్చీ, తెల్లటి చేను, గాలి. ఎక్కడి నుంచో ఒక దూదిపింజ వచ్చి కుర్చీ చేతి మీద కాసేపు ఆగింది, మళ్లీ లేచింది. వీడియో ఇంకా నడుస్తూనే ఉంది.