అరుపుల ఏకాంబరం

ఒంటి మీద చెయ్యి పడకముందే అరిచే మనిషి తిరుపతి మొత్తానికీ ఏకాంబరం ఒక్కడే. అసలే మామిడికాయల మండీలో వేలం పాడిన గొంతు. మోకాలి నొప్పికి ఫిజియోథెరపీ సెంటరుకొచ్చి, కాపడం మూటను దూరం నుంచి చూసే "సచ్చినాను నాయనో" అంటాడు. కదలని సైకిలెక్కిస్తే దిగేదాకా దేవుళ్లను పేరుపేరునా పిలుస్తాడు.

"మామా, నేనింకా ముట్టుకోనే లేదు," అంటుంది అక్కడ వైద్యం చేసే కోమలి.

"ముట్టుకుంటావు కదా పాపా. ముందే అరిస్తే ఒక పనైపోతాది."

కోమలి అసలు దిగులు తెర అవతలి మంచం మీది రంజాన్‌బీ గురించి. విరిగిన మోచేతికి కట్టు విప్పాక చెయ్యి కర్రలా బిగుసుకుపోయింది. అది వంగకపోతే పరోటా పిండి కొట్టడం ఆమెవల్ల కాదు. బస్టాండు దగ్గర ఆమె బండి పెట్టే చోటు మీద అప్పుడే ఇంకొకరి కన్ను పడింది. పట్టుదలకేం తక్కువ లేదు గానీ, చెయ్యి వంచబోతే పళ్లు బిగించి ఊపిరాపేస్తుంది. దాంతో కండ ఇంకా బిగుస్తుంది. ఎప్పుడైనా ఒకసారి మాత్రం, ఎందుకో, కాస్త వంగుతుంది.

"నొప్పయితే అరువక్కా. ఊపిరి వదులు."

"నలుగురిలో అరిచేదా? సిగ్గుగా ఉండదా?"

ఒకరోజు ఏకాంబరం మోకాలికి కరెంటు మిషను తగిలించి, కోమలి రంజాన్‌బీ దగ్గరికెళ్లింది. వెంటనే పైకప్పెగిరిపోయే కేకలు. పరుగున వచ్చి చూస్తే మిషనుకు స్విచ్చే వెయ్యలేదు. కోమలికి ఒళ్లు మండింది.

"మామా, నీకు నయమై శానా దినాలైంది. రేపట్నుంచి రావద్దు."

మరునాడు సెంటరు గోల లేకుండా ఉంది. రంజాన్‌బీ మోచెయ్యి మాత్రం వెంట్రుకవాసి కదల్లేదు. "ఇంక నావల్ల కాదు కోమలీ, బండి అమ్మేస్తా," అంటూ మంచం దిగింది. నిన్నటిదాకా అంతో ఇంతో వంగిన చెయ్యి ఇవాళెందుకు మొండికేసిందో కోమలికి అప్పుడు వెలిగింది. ఫోన్ తీసింది.

"మామా, రేపు రా."

"నయమైందంటివే?"

"అరిచేదానికి రా."

"ఇప్పటికి తెలిసిందా నీకు? ఆయమ్మ నా గోలలో కలిపి అరుస్తా ఉండాది పాపా. నేను లేకుంటే పాపం యాడ అరుస్తాది?"

కోమలికి నవ్వూ వచ్చింది, ఆ పెద్దమనిషి మీద ప్రేమా పుట్టింది. రంజాన్‌బీని బతిమాలి మరునాడు మళ్లీ రప్పించింది. ఏకాంబరం ఎన్నడూ లేనంతగా గొంతెత్తాడు. ఆ హోరు కింద రంజాన్‌బీ లోపల దాచుకున్న నొప్పినంతా కేకగా వదిలింది. మోచెయ్యి వంగింది. వేళ్లు భుజాన్ని తాకాయి.

చెమట తుడుచుకుని, తెర వైపు జాలిగా చూసి అంది రంజాన్‌బీ:

"ఆయప్పకు బొత్తిగా ఓర్పు లేదు కోమలీ. నన్ను చూసి నేర్చుకోమను."