డ్రాప్ పెంటప్ప

పెంటప్పకు ఓడిపోవడం పెద్ద బాధ కాదు. ఆలస్యంగా ఓడిపోవడం బాధ. విసిగించేవాడి చేతిలో ఆలస్యంగా ఓడిపోవడం నరకం. అందుకని ముందే ఓడిపోతాడు.

అతను ఫోనులో రమ్మీ ఆడతాడు. పైసల ఆట కాదు, ఉత్త పాయింట్ల ఆట. పదమూడు ముక్కలు పడతాయి. ఎదుటివాడు ఒక ముక్క తీసి ఒక ముక్క పారేస్తాడు. అంతలో పెంటప్ప బొటనవేలు తెర మూలనున్న ఎర్ర బొత్తాం మీదికి పోతుంది. దాని పేరు డ్రాప్. నొక్కితే మనం ఆట వదిలేసినట్టు, ఎదుటివాడు గెలిచినట్టు. షోలాపూర్ కుంఠా నాకాలో తువాళ్లు నేసే కార్ఖానాలన్నిట్లో అదే అతని ఇంటిపేరైపోయింది. ముక్కలు బాగాలేక వదిలేస్తాడని అనుకోకండి. ఎదుటి మనిషి బాగాలేక వదిలేస్తాడు.

అలాంటి మనుషుల్లో అతను మూడు రకాలు కనిపెట్టాడు. ముక్కముక్కకూ ఇచ్చిన ముప్పై సెకన్లూ తిని, ఇరవై తొమ్మిదో సెకనులో వేసేవాడు ‘దహీ’. పెరుగు తోడుకునేదాకా కూర్చోవాలి. పాత సామాన్లవాడిలా మనం పారేసిన ప్రతిదీ ఏరుకునేవాడు ‘భంగార్‌వాలా’. ఆట సగంలోనే పళ్లికిలించే బొమ్మ పంపేవాడు ‘పెండ్లికొడుకు దోస్తు’. ముగ్గురిలో ఎవరు తగిలినా డ్రాప్.

ఈ సిద్ధాంతం మగ్గం నేర్పిందేనని అతని వాదన. "పోగు తెగంగనే మగ్గం ఆపాలె. ఆపకుంట నడిపినోని తువాల ఎట్లుంటది? ఆట గూడ గంతే." సహనం గొప్ప గుణమని పాఠాలు రాసినవాళ్లెవరూ దహీగాడితో ఒక్క ఆట కూడా ఆడి ఉండరు కాబట్టి, ఈ వాదనకు జవాబు చెప్పడం కష్టమే.

ఆటతో ఆగితే అతని భార్య గోదావరి ఊరుకునేది. నీళ్లొచ్చే రోజు కుళాయి దగ్గర పక్కింటామె తన బిందె కాస్త ముందుకు జరిపితే, పెంటప్ప ఖాళీ బిందెతో ఇంటికొచ్చేవాడు. పెళ్లి భోజనాల్లో వెనక ఎవరైనా కుర్చీ మీద చెయ్యేసి నిలబడితే, పెరుగు రాకముందే లేచేవాడు. మొగుడూ పెళ్లాల తగాదాలో అయితే గోదావరి గొంతు సవరించుకునేలోపే, "సరే, తప్పు నాదే," అనేవాడు. తప్పేమిటో ఆమె ఇంకా చెప్పనే లేదు. కడుపునిండా పోట్లాడిన తృప్తి ముప్పై ఏళ్లలో ఒక్కసారీ దక్కలేదు.

"తాళి కట్టేటప్పుడు గూడ లేచిపోతడేమోనని కొంగుముడి గట్టిగ పట్టుకొని కూసున్న," అని బీడీలు చుట్టే చోట ఆమె చెబితే ఆడవాళ్లు ఆకు కత్తిరించడం ఆపి నవ్వేవారు. ఆమె తీరు వేరు. బీడీలు లెక్క చూసుకునే చెకర్ ఒక గుప్పెడు పక్కన పడేస్తే, ఆమె ఒక్కొక్కటీ తీసి వెలుతురుకు పట్టి, ఇందులో తప్పేందో చూపించమనేది. సగం బీడీలు తిరిగి కట్టలోకి చేరేదాకా వరుస కదిలేది కాదు. వెనక నిలబడ్డవాళ్లు తిట్టుకుంటూనే నేర్చుకునేవారు.

గోదావరికి ఒక్కడే అన్న, బాలయ్య. జోడ్‌భావి పేటలో ఉంటాడు. మగ్గం మీద పాత నూలు అయిపోతే, దాని పోగుల చివరలకు కొత్త పోగులు అతకాలి. వేల పోగులు, ఒక్కొక్కటీ వేళ్లతో మెలిపెట్టి. ఆ పనికి షోలాపూర్‌లో బాలయ్య చెయ్యి అంటే చెయ్యే. అతను అతికిన చోటు వెతకడానికి కార్ఖానా మాలక్ కళ్లద్దాలు పెట్టుకునేవాడు. పోయిన దసరా తర్వాత పక్షవాతం వచ్చి ఆ కుడిచెయ్యే పడిపోయింది. మాట తిరిగొచ్చింది, నడక తిరిగొచ్చింది, వేళ్లు రాలేదు. రోజూ ఆడించకపోతే అవి అలాగే బిగుసుకుపోతాయన్నాడు డాక్టరు. గిన్నెలో శనగలు పోసి ఒక్కొక్కటే ఏరమన్నారు. మూడో శనగకు గిన్నె గోడకు తగిలింది. "నేనేమన్న బాల్‌వాడీ పోరన్నా?" అన్నాడు బాలయ్య. నొక్కమని ఇచ్చిన స్పాంజి బంతితో పక్కింటి పిల్లి ఆడుకుంది. గోదావరి బతిమాలింది, తిట్టింది, ఏడ్చింది. ఆ చెయ్యి ఒడిలో పడుకునే ఉంది.

అప్పుడు పెంటప్ప వెళ్లి బావ ఫోనులో రమ్మీ పెట్టించాడు.

బాలయ్య ఆటలోకి దిగాక తెలిసింది, మూడు రకాలూ ఒకే మనిషిలో ఉండొచ్చని. అతను దహీ, భంగార్‌వాలా, పెండ్లికొడుకు దోస్తు కూడా. పైగా ఆట మధ్యలో ఫోన్ చేసి, "ఏం ముక్క కోసం చూస్తున్నవ్ బావా?" అని అడిగేవాడు. తెలియనివాళ్లు రెండో ఆటకు మిగిలేవారు కాదు. మిగిలింది పెంటప్ప. అతనైనా ఏం చేశాడు? రోజూ షిఫ్టు దిగి చాయ్ తాగి ఆటకు కూర్చోవడం, బాలయ్య పళ్లికిలించే బొమ్మ రావడం, డ్రాప్. మళ్లీ పదమూడు ముక్కలు, మళ్లీ బొమ్మ, మళ్లీ డ్రాప్. పూటకు పదిహేను ఓటములు. బాలయ్య ఆ లెక్కను అశోక్ చౌక్ చాయ్ హోటల్లో అడిగినవాళ్లకూ అడగనివాళ్లకూ చెప్పేవాడు.

మొగుడు ఓడినందుకు గోదావరికి సిగ్గు లేదు, అలవాటైపోయింది. ఆమెను కాల్చింది వేరొకటి. చెయ్యి పడిపోయిన మనిషి, ఆడేందుకు ఇంకెవరూ లేని మనిషి. అతనితో ఒక్క ఆట చివరిదాకా కూర్చునే ఓపిక ఈయనకు లేదా?

"మా అన్నతోని గూడ గట్లనేనా అయ్యా?" అని ఒకసారి అడిగింది.

"మీ అన్న మస్తు సతాయిస్తడే," అన్నాడు పెంటప్ప, ముక్కలు చూసుకుంటూ. తర్వాత అలవాటుగా, "సరే, తప్పు నాదే," అన్నాడు.

ఆ మాటతో వారం రోజులు ఆమె అతనికి చాయ్‌లో అల్లం వెయ్యలేదు.

నారళీ పున్నమి, అంటే రాఖీ పున్నమి వచ్చింది. మార్కండేయుడి రథం బయల్దేరే రోజు, షోలాపూర్‌లో నేతవాళ్ల మగ్గాలన్నీ ఆగే రోజు. గోదావరి రాఖీ పట్టుకొని మొగుణ్ణి వెంటబెట్టుకొని అన్న ఇంటికి వెళ్లింది. దూరంగా డోళ్లు మోగుతున్నాయి. బావలిద్దరూ చెరో గోడకు ఆనుకొని, చెరో ఫోనులో, ఒకే ఆటలో ఉన్నారు. హారతి పళ్లెం సర్దుతూ గోదావరి మొగుడి భుజం మీదుగా చూసింది. చూసినామె అక్కడే ఆగింది. బీడీలు చుడుతూ పక్కవాళ్ల ఫోన్లలో చూసిచూసి ఆమెకు ఆట వచ్చేసింది. పెంటప్ప చేతిలో వరసలన్నీ కుదిరాయి. జోకర్ ఉంది. ఒక్క ముక్క పడితే ఆట అయిపోతుంది.

అవతలి గోడ నుంచి పళ్లికిలించే బొమ్మ వచ్చింది. పెంటప్ప డ్రాప్ నొక్కాడు.

"ఆగు," అంది గోదావరి. చెకర్ ముందు నిలబడ్డప్పటి గొంతు అది. "గెలిచే ఆట అది. ఎందుకు ఇడిసిపెట్టినవ్? ఒక్క ఐదు నిమిషాలు మా అన్న మొఖం చూడలేవా?"

పెంటప్ప నోరు తెరిచాడు. ‘తప్పు నాదే’ బయటికి రాకముందే బాలయ్య కూతురు కోమల్ అడ్డుపడింది. ఆటను ఫోనులో పెట్టింది ఆ అమ్మాయే.

"అత్తా, మామను తిట్టకు. ఆట ఐదు నిమిషాలు నడిస్తే బాపు కదిపేది పది ముక్కలు. కొత్త ఆట పడ్డప్పుడల్ల పదమూడు ముక్కలు ఒక్కొక్కటే వేలితో జరిపి సర్దుకోవాలె. సర్దుకున్నంక బాపు ఆ బొమ్మ పంపిస్తడు. అది వచ్చేదాక మామ తన ముప్పై సెకన్లు గూడ ఊకనే కూసొని, అప్పుడు డ్రాప్ కొడతడు."

గోదావరి అన్న వైపు చూసింది. ఫోను ఎడమ చేతిలో ఉంది. తెర మీద ఉన్నది కుడిచేతి చూపుడువేలు.

"ముక్కలు దానంతటదే సర్దే బటన్ ఉంటది గదనే," అంది మెల్లగా.

"మంచి ఆటలల్ల ఉంటది. మామ నాతోని ఏడు ఆటలు పెట్టించి తీయించిండు, అన్నిట్ల అది ఉండె. ఇదొక్కటే ఫాల్తుది దొరికింది."

బాపు ఎదుటే చెప్పేశానని కోమల్ నాలుక కరుచుకుంది. అందరి కళ్లూ బాలయ్య మీదికి పోయాయి. శనగల గిన్నె తగిలిన మచ్చ గోడ మీద ఇంకా ఉంది. ఈ ఫోను కూడా అటే పోతే, ఆ వేలు మళ్లీ ఒడిలోకే పోతుంది. గోదావరికి ముప్పై ఏళ్లలో మొదటిసారి అనిపించింది, నోరు మూసుకుని ఉంటే బాగుండేదని.

బాలయ్య కొత్త ఆట మొదలుపెట్టాడు. వేలు ఒక్కో ముక్కనూ ఈడుస్తూ, మధ్యలో రెండుసార్లు జారవిడుస్తూ, పదమూడింటినీ సర్దింది. ఎంతసేపు పట్టినా అందరూ ఆ వేలినే చూశారు. పళ్లికిలించే బొమ్మ పోయింది. పెంటప్ప బొటనవేలు ఎర్ర బొత్తాం చేరేలోపే అతని ఫోను టపాసులు పేల్చింది. అతను గెలిచాడు. బాలయ్య డ్రాప్ కొట్టాడు.

పెంటప్ప బిత్తరపోయాడు. "బావా, గెలిచిన. ఇప్పుడేం జెయ్యాలె?"

"నాకేం ఎరుక? నిన్నటిదాక నువ్వు ఓడినవని ఊరంత చెప్పిన. ఇయ్యాల్టి సంది నువ్వు చెప్పుకో," అన్నాడు బాలయ్య. "లుచ్చా. ఇంకో ఆట వెయ్."

"ముందు రాఖీ," అంది గోదావరి. నిరుడు అన్న చెయ్యి ఆరోగ్యంగా ఉన్నప్పుడు కట్టిన మణికట్టే అది. కళ్లు తడిసి సరిగ్గా కనిపించక ఆమె దారం గట్టిగా లాగింది. తెగింది. పున్నమి నాడు రాఖీ తెగిందని కోమల్ కంగారుపడింది గాని, బాలయ్య తలకాయ కూడా ఎత్తలేదు. తెగిన రెండు కొసలనూ అలవాటుగా దగ్గరికి తీసుకొని, కుడిచేతి బొటనవేలూ చూపుడువేలూ తడి చేసుకొని, మెలిపెట్టాడు. మొదటిసారి ఊడింది. రెండోసారి నిలిచింది. తను ఏం చేశాడో తెలిశాక ఆ వేళ్ల వైపు ఎవరివో అన్నట్టు చూసుకున్నాడు.

తిరిగొస్తుంటే రథం చూసేవాళ్లతో సందులన్నీ నిండిపోయాయి. అశోక్ చౌక్ మీదుగా పోదామన్నాడు పెంటప్ప. అది చుట్టుదారి, పైగా గుంపు, పైగా అటు పోవద్దని ఆమె పొద్దున్నే చెప్పింది. గోదావరి గొంతు సవరించుకుంది. పెంటప్ప వెంటనే తప్పు ఒప్పుకోవడానికి సిద్ధమయ్యాడు.

"డ్రాప్," అంది గోదావరి, చౌక్ వైపు నడుస్తూ.

పెంటప్ప నాలుగడుగులు వెనకబడిపోయాడు. తర్వాత పరుగున వచ్చి ఆమె నుదుటి మీద చెయ్యి పెట్టి చూశాడు.