గున్నమ్మప్ప పెంచిన తొమ్మిది చేపలు

భిలాయిలో మేమున్న క్వార్టరుకి గోడ అవతలి క్వార్టరు గురునాథరావు గారిది. ఆయన ప్లాంటులో నీళ్ళు పరీక్షించే లేబొరేటరీలో పనిచేసేవారు. ఆయన భార్య గున్నమ్మ. పుట్టిల్లు భీమిలి దగ్గర పల్లె. చదువు ఐదో తరగతితో ఆగిపోయింది. నాకన్నా పదేళ్ళు పెద్దది. మా వైపు అక్కని అప్ప అంటాం కాబట్టి నాకు ఆమె గున్నమ్మప్ప. వాళ్ళ ఒక్కగానొక్క కూతురు రాయపూర్‌లో హాస్టల్లో ఉండి చదువుకునేది.

1993లో గురునాథరావు గారు ఆఫీసు పనిమీద కలకత్తా వెళ్ళి, వస్తూ వస్తూ ప్లాస్టిక్ సంచీలో రెండు సముద్రపు చేపలు తెచ్చారు. వేలెడంత ఉన్నాయి. నారింజ రంగు ఒంటి మీద తెల్లటి పట్టీలు. వీటిని ఇంట్లో బతికించడమే గొప్ప, పిల్లల్ని పెంచడం తానెరిగినంతలో ఎవరివల్లా కాలేదని దుకాణంవాడు అన్నాడట. ఆ మాట ఆయన బుర్రలో తిష్ఠ వేసింది.

సముద్రం చూడాలంటే రైల్లో ఒక పూటంతా కూర్చోవలసిన ఊరు మాది. వైజాగ్ నుంచి వచ్చే తెలిసినవాళ్ళ చేత డబ్బాలతో సముద్రపు నీళ్ళు తెప్పించేవారు. దుర్గ్ స్టేషన్లో దించుకుని రిక్షాలో ఇంటికి తెచ్చేవారు. ముందుగదిలో సోఫా తీసేసి ఆ చోట గాజుతొట్టె పెట్టారు. మే నెలలో నలభై అయిదు డిగ్రీల ఎండకి తొట్టెలో నీళ్ళు కాగిపోకుండా, ఐసుగడ్డ కట్టిన సీసాలు అందులో తేలవేసే పని గున్నమ్మప్పది. ఆయన డ్యూటీకి వెళితే ఎనిమిది గంటలూ కాపలా ఆమెదే.

"మడిసికి నేని కూలర్ సేపలకా?" అని మొదట్లో సణిగేది. సణుగుతూనే కూలర్ని తొట్టె వైపు తిప్పేది.

మరుసటి ఏడు దీపావళి ముందు ఆ జంట తొట్టెలోని పెంకుముక్క మీద గుడ్లు పెట్టింది. గురునాథరావు గారు వీధంతా స్వీట్లు పంచారు. మగచేప తొమ్మిది రోజులు గుడ్లకి రెక్కలతో విసురుతూ కూర్చుంది. తొమ్మిదో రోజు చీకటిపడ్డాక రెండు వందలకి పైగా పిల్లలు బయటపడ్డాయి. వెంట్రుక తుంపుల్లాంటివి. కళ్ళు తప్ప ఏమీ కనిపించవు.

నాలుగో రోజుకి ఒక్కటీ మిగల్లేదు.

ఆ పిల్లలు గుడ్డుసొన, పాలపొడి లాంటివి తినవట. కంటికి దుమ్ములా కనిపించే బతికున్న పురుగులే వాటికి తిండి. ఆ పురుగులకి తిండి పచ్చటి పాచినీళ్ళు. గురునాథరావు గారు వైజాగ్‌లో ఎవరో పరిశోధకుడికి ఉత్తరాలు రాసి, రెండింటినీ సీసాల్లో తెప్పించారు. వంటింటి కిటికీలో పచ్చనీళ్ళ సీసాలు వరసగా నిలబడ్డాయి. వాటిని ఎండకీ నీడకీ మార్చడం, కలపడం, పురుగుల్ని వడగట్టడం గున్నమ్మప్ప పనుల్లో చేరాయి. దేంతో వడగట్టినా పురుగులు జారిపోతున్నాయని ఆయన విసుక్కుంటుంటే, ఆమె తన పెళ్ళినాటి పట్టుచీర కొంగు చింపి నాలుగు మడతలు వేసింది. పురుగులు ఆగాయి.

అయినా పిల్లలు చచ్చిపోయేవి. ఈసారి అయిదో రోజుకి, ఇంకోసారి ఆరో రోజుకి. ఏడు కాన్పులు అలాగే పోయాయి. ఆయన నీళ్ళలో ఉప్పు కొలిచేవారు, ఏవో చుక్కల మందులు వేసేవారు, లెక్కలు నోటుబుక్కులో రాసుకునేవారు. ఆమె మాత్రం పనులయ్యాక తొట్టె ముందు పీట వేసుకుని కూర్చుని చూస్తూ ఉండేది. ఒకరోజు నన్ను పిలిచింది.

"ఇలగ సూడు కన్నమ్మా. ఎలుగు ఎటుంటే అటెళ్ళిపోయి గాజుకి మూతులు కొట్టుకుంటన్నాయి. ఎదురుగా తిండున్నా అవుపడ్డం నేదు. ఆకలితో సచ్చిపోతన్నాయే ఇవి."

ఆ సాయంత్రం పాత గొడుగు గుడ్డ విప్పి పిల్లల తొట్టె చుట్టూ నల్లగా కట్టింది. పచ్చనీళ్ళు కూడా కొంచెం అందులో కలిపింది. గురునాథరావు గారు డ్యూటీ నుంచి వచ్చి చూసి ఆ గుడ్డ పీకి పారేశారు.

"ఏటే ఈ దరిద్రం? నీళ్ళు అద్దంలాగ ఉండాలని సెప్పలేదా? ఇరవయ్యేళ్ళ సర్వీసు నీళ్ళతోనే సేసాను. నువ్వు నాకు నేర్పుతావా?"

ఆమె ఆ గుడ్డ మడిచి మంచం కింద పెట్టింది. ఆ పిల్లలు మూడు రోజుల్లో పోయాయి.

1995 శ్రావణంలో ఆయన అన్నగారు పోయారని టెలిగ్రాం వచ్చింది. ఆయన ఊరికి వెళ్ళారు. పెంకు మీద గుడ్లు అప్పటికే కళ్ళు తేలి ఉన్నాయి. చేపల్ని ఎవరికీ అప్పజెప్పలేక ఆమె ఉండిపోయింది. బావగారి పన్నెండో రోజుకి కూడా వెళ్ళలేదని వాళ్ళ వైపు బంధువులు ఆమె మీద ఇప్పటికీ చెప్పుకుంటారు.

ఆయన రైలెక్కిన మర్నాడు పిల్లలు పుట్టాయి. ఆమె మళ్ళీ గొడుగు గుడ్డ కట్టింది. పచ్చనీళ్ళు పోసింది. మూడేసి గంటలకొకసారి పురుగుల్ని వడగట్టి, మంచి ఉప్పునీళ్ళతో రెండుసార్లు కడిగి వేసింది. ఎన్ని వేయాలో ఆమెకి ఒక కొలత ఉండేది. స్పూనుతో నీళ్ళు తీసి దీపానికెదురుగా పట్టి, కళ్ళు చికిలించి చూసి "సాలు" అనేది. నాకు ఎప్పుడూ ఆ కొలత అర్థం కాలేదు. తల దువ్వుకోలేదు, సరిగా తినలేదు. నేను అన్నం పట్టుకెళితే నిలబడే నాలుగు ముద్దలు మింగేది.

పదో రోజు వీధి గుమ్మంలోంచే కేకేసింది. వెళ్ళి చూస్తే ఒక పిల్ల ఒంటి మీద తెల్లగా, గోటితో గీరినట్టు ఒక గీత.

"పట్టీ ఏసీసిందే!" అంది. చెంగుతో కళ్ళు తుడుచుకుంది. ఆమె అలా మురిసిపోవడం అంతకు ముందూ చూడలేదు, ఆ తర్వాతా చూడలేదు.

గురునాథరావు గారు తిరిగి వచ్చేసరికి తొమ్మిది మిగిలాయి. అన్నీ చక్కగా పట్టీలు తొడుక్కుని తిరుగుతున్నాయి. ఆయన చెప్పులు కూడా విప్పకుండా తొట్టె ముందు నిలబడిపోయారు. ఒక్కొక్కటే లెక్కపెట్టి, "నేను ఎళ్ళే ముందు ఏసిన మందు పనిచేసిందన్నమాట" అన్నారు. గొడుగు గుడ్డని ఈసారి ముట్టుకోలేదు.

ఆ జనవరిలో ప్లాంటు పెద్ద ఆఫీసరు ఒకాయన చేపల్ని చూడటానికి వాళ్ళింటికి వచ్చాడు. వెంట హిందీ పేపరు విలేకరి. వీధిలో వాళ్ళమంతా ముందుగదిలో గుమిగూడాం. ఈ నల్లగుడ్డ ఎందుకని ఆఫీసరు అడిగితే, వెలుగు వల్ల పిల్లలకి తిండి కనబడకపోవడం, గాజుకి కొట్టుకోవడం అన్నీ గురునాథరావు గారు వివరంగా చెప్పారు. ఎన్నో ప్రయోగాలు చేసి తెలుసుకున్నానన్నారు. గున్నమ్మప్ప టీ పళ్ళెం పట్టుకుని అక్కడే నిలబడి ఉంది. ఆఫీసరు మర్యాదగా ఆమె వైపు తిరిగి, "భాభీజీ, మీరూ ఏమైనా సాయం చేస్తుంటారా?" అని హిందీలో అడిగాడు.

ఆమె నోరు తెరిచేలోపు ఆయనే అందుకున్నారు. "దీనికేం తెలుసు సాబ్! చేప కనబడితే కూర వండడం ఒక్కటే తెలుసు."

అందరూ గొల్లుమన్నారు. నేనూ నవ్వాను. వాళ్ళిద్దరు కాక నిజం తెలిసిన మనిషిని ఆ గదిలో నేనొక్కదాన్నే. మా ఆయన ప్రమోషన్ కాగితం ఆ ఆఫీసరు దగ్గరే ఉందన్నది నా సాకు. కానీ నవ్వింది అందుకు కాదు. అందరూ నవ్వారు, నవ్వేశాను.

పేపర్లో ఫోటో వేశారు. తొట్టె పక్కన ఆయన ఒక్కరే. ఫోటో వచ్చిన రోజు నేను వెళ్ళి, "అదేటప్పా, ఆయన అలగనేస్తే నువ్వొక మాట అనకూడదేటి?" అన్నాను.

ఆమె పచ్చనీళ్ళ సీసాలు తోముతోంది. తలెత్తకుండా, "నువ్వూ నవ్వినావు కదే" అంది.

ఆ తర్వాత నేను చాలా రోజులు వాళ్ళ గుమ్మం ఎక్కలేకపోయాను.

హోలీకి మళ్ళీ గుడ్లు పిల్లలయ్యాయి. ఆయన డ్యూటీకి బయల్దేరుతూ, "సూసుకో" అన్నారు. ఆమె, "నాకేటి తెలుస్తాదండి, కూర వండడమే కదా" అని వంటింట్లోకి వెళ్ళిపోయింది. ఆయన నవ్వులాటకి అందనుకున్నారు. సాయంత్రానికి కాదని తెలిసింది. పంతం పట్టి వారం రోజులు సెలవు పెట్టారు. పట్టుగుడ్డతో వడగట్టారు గాని కడగాలని తెలియదు. నాలుగో రోజు తొట్టె అడుగున తెల్లటి బూడిదలా మిగిలింది. ఆయన అరుపులు వీధి చివరిదాకా వినిపించాయి. "పెళ్ళాం పగబట్టి పసిగుడ్డుల్ని సంపీసింది" అని కనబడ్డ ప్రతివాళ్ళకీ చెప్పారు. మొగుడి పేరు చూసి ఓర్వలేకపోయిందని వీధిలో ఆడవాళ్ళే అన్నారు.

ఆమె చిక్కిపోయింది. కొళాయి దగ్గర ఒకసారి ఎదురుపడితే తనే అంది: "బతికించగల్ను, తెలుసు. వంటింట్లో కూకుని రోజులు లెక్కెట్టాను. మూడో నాడు లెగుదావనుకున్నాను, కాళ్ళు రానేదు. ఆ పాపం నాదేలే."

ఆ వేసవిలోనే వైజాగ్ పరిశోధకుడి నుంచి ఉత్తరం వచ్చింది. పేపరు వార్త ఎవరో ఆయనకి పంపారట. మూడో రోజు నుంచి ఆరో రోజు దాకా తిండి ఎంత, ఎన్నిసార్లు, ఎలా పెట్టారో వివరంగా రాయండి, మేమూ చేసి చూస్తాం అని. గురునాథరావు గారు కాగితం, పెన్ను తెచ్చుకుని వంటింటి గడపలో కూర్చున్నారు. అప్పటికి నాకు మళ్ళీ రాకపోకలున్నాయి. నేను బియ్యం ఏరుతూ అక్కడే ఉన్నాను.

"సెప్పవే, రాసుకుంటాను."

"నా పేరెడతారా?"

ఆయన నిజంగానే అర్థంకానట్టు చూశారు. "నీ పేరెందుకే? నువ్వెవరో ఆళ్ళకి తెలీదు కదా."

ఆమె పోపు వేయడానికి లేచింది. ఆయన ఇంకా రెండుసార్లు అడిగారు, ఒకసారి బతిమాలారు కూడా. చివరికి తన నోటుబుక్కులోంచి ఏవో అంకెలు తీసి రాసి పంపారు. నాలుగు నెలలకి జవాబు వచ్చింది. మీరు చెప్పినట్టే మూడుసార్లు చేశాం, ఒక్కటీ బతకలేదు, మరేదైనా వదిలేశారేమో చూడండి అని. ఆయన దానికి జవాబు రాయలేదు.

తొమ్మిది చేపల్లో ఆరు ఆఫీసరు బంగళాకి వెళ్ళాయి. మిగతావి, పాత జంటా తర్వాతి ఎండల్లో పోయాయి. ఐసు సీసాలు వేసేవాళ్ళు లేరు.

ఆయన రిటైరయ్యాక నెహ్రూ నగర్‌లో చిన్న ఇల్లు కట్టుకుని వెళ్ళిపోయారు. కిందటేడు చూడటానికి వెళ్ళాను. ఎన్నాళ్ళనుంచో అడగాలనుకుంటున్నది అడిగేశాను. "అప్పా, ఆ స్పూను కొలత నాకైనా సెప్పు. నీ పేరెట్టి నేను రాస్తాను."

ఆమె నా ముఖంలోకి చూసింది. కోపం లేదు.

"మర్సిపోనానే," అంది. "టీ ఎట్టమంటావా?"