వెదురు అడ్డం దగ్గర సిగ్నల్

జి.మాడుగుల నుంచి కొండ దిగే బస్సులో నా ల్యాప్‌టాప్ ఫోన్ హాట్‌స్పాట్‌కి కనెక్టయ్యానంటుంది, ఇంటర్నెట్ మాత్రం లేదంటుంది. ఫ్లైట్ మోడ్ పెట్టి తీశాను, హాట్‌స్పాట్ ఆపి మళ్లీ ఆన్ చేశాను. లాభం లేకపోయింది. మధ్యాహ్నంలోపు ఫైలు పంపకపోతే ఇన్నాళ్లూ కష్టపడ్డ పని వేరేవాళ్ల పాలవుతుంది.

ఒక మలుపులో బస్సు ఆగింది. మన్యం గిరిజనుల ఇటుకల పండగ రోజులవి. మగవాళ్లు వేటకి వెళ్తే, ఆడవాళ్లు రోడ్డుకి అడ్డంగా వెదురు పట్టుకుని నిలబడతారు. పండగ చందా ఇస్తేగానీ ఏ బండినీ వదలరు. సరిగ్గా అక్కడే సిగ్నల్ వచ్చింది, ఫైలు కదిలింది.

ఇంతలో డ్రైవర్ చందా ఇచ్చేశాడు. వెదురు చివర పట్టుకున్నామెని ముందు సీటు కిటికీలోంచి పిలిచి ల్యాప్‌టాప్ చూపించాను.

"అక్కా, ఇది వెళ్లేదాకా బస్సుని వదలకు."

"అందరూ బేగి వదిలీమంటారు. నువ్వేటి, ఆపమంటన్నావు?" అని నవ్వుతూ తొంగి చూసింది. "ఈ నీలం గీత నిండాలా?"

"నిండితే చాలు."

ఆమె వెనక్కి తిరిగి, "పాట ఇనకుండా ఎళ్లిపోతాడేటి డ్రైవరు? ఎత్తండే" అంది.

ఆడవాళ్లందరూ పాట ఎత్తుకున్నారు. డ్రైవర్ విసుగ్గా హారన్ కొట్టి కొట్టి, చివరికి ఆ పాట దరువుకే కొట్టసాగాడు. బస్సంతా నవ్వులు. ఆమె పాడుతూనే నా గీతని చూస్తోంది. అది నిండిన క్షణాన, పాట మధ్యలోనే ఆపేసి వెదురు పైకెత్తింది.

"అయిపోనాది. ఎళ్లండి."

ఇప్పుడు మా ఇంట్లో నెట్ బాగానే వస్తుంది. అయినా ఫైలు పంపేటప్పుడల్లా నాకు తెలియకుండానే ఆ పాట ఎత్తుకుంటాను. సగం దాకే వచ్చు.