గట్టు మీది చిరుత

పొద్దున్నే తోటకు పోయినవాళ్లెవరైనా తలెత్తి కాయ చూస్తారు. క్లెమెంట్ మాత్రం తల దించుకుని నేల చూస్తాడు. కేజీఎఫ్‌లో గని కార్మికుల ఇంట పుట్టి, మాలూరు ఫ్యాక్టరీలో ఏళ్ల తరబడి పనిచేసి, చివరికి శ్రీనివాసపురం పక్కన మామిడితోట కొనుక్కున్న మనిషి. వచ్చిన కొత్తలో గట్టు మీద ఏదో జంతువు పెంట కనబడితే, ఇదెవరిదబ్బా అని పుల్లతో కెలికాడు. అంతే, ఆ పిచ్చి పట్టుకుంది. విరిస్తే గడ్డి పీచు తప్ప ఏమీ లేని గుండ్రటి పెంటికలైతే కుందేలు. పండ్ల గింజలు నమలకుండా దిగిపోయి ఉంటే పునుగుపిల్లి. ఇంగ ఊళ్లో ఎవరి తోటలో ఏం కనబడినా ఆకులో చుట్టి ఈయన దగ్గరికే తెస్తారు. భార్య మోనికా మొదట్లో ముక్కు మూసుకుంది, తర్వాత తల కొట్టుకుంది, ఇప్పుడు సబ్బుతో చేతులు కడిగితేగానీ కాఫీ ఇవ్వనని ఊరుకుంది.

ఈ ఏడు కాయ కోతకొచ్చిన వారంలో గట్టు మీద కొత్త రకం కనబడింది. బొటనవేలి కంటే లావు, ముక్కలు ముక్కలుగా ఉంది, కొస సన్నగా ఉంది. విప్పి చూస్తే నిండా మేక వెంట్రుకలు, ఎముక పలుకులు. క్లెమెంట్ పుల్ల పారేసి భయంగా చుట్టూ చూశాడు. ఇన్నాళ్లకు పెద్దది దొరికిందని లోపల సంబరం కూడా లేకపోలేదు. తిన్నగా టీ అంగడికి పోయి, చిరుత తిరుగుతోందని చెప్పేశాడు.

ఆయన చెప్పాక ఇంక తిరుగేముంది! కాయలు కోసే జట్టు మేస్త్రీ ఉమేశ్ ఆ దిక్కుకే రానన్నాడు. క్లెమెంట్ తోట సంగతి సరే, పక్కనే అక్కయమ్మ తోట ఉంది. ఆమె ఇంటిల్లిపాదికీ ఏడాది కూడు ఆ బాదామి రకం మామిడిచెట్ల మీదే. కాయ చెట్టు మీదే పండి రాలడం మొదలైంది. ఆమె రాలిన పండ్లు ఒళ్లో వేసుకొచ్చి క్లెమెంట్ ఇంటి అరుగు మీద కూర్చుంది. తిట్టలేదు.

"ఆ చిరుత యాడుండాదో చూసి చెప్పప్పా. నువ్వు చెప్తేనే వాళ్లు వస్తారంట," అంది.

క్లెమెంట్‌కు ఆ రోజు అన్నం సయించలేదు.

మర్నాడు తెల్లవారగానే జాడ తీయడానికి కర్ర పట్టుకుని బయలుదేరాడు. తోడు బ్రూనో, ఆయన కుక్క. రాగిముద్దా మజ్జిగా తప్ప వేరే ముట్టదని ఊరంతా గొప్పలు చెప్పిన కుక్క. అది ముందు పరిగెత్తి, సరిగ్గా అదే గట్టు మీద, అదే చోట, తీరిగ్గా కూర్చుంది. అది లేచాక క్లెమెంట్ వంగి చూశాడు. అదే లావు. అవే వెంట్రుకలు.

బ్రూనో వెనకే పోతే అక్కయమ్మ పెద్ద చెట్టు మొదట్లో తవ్వేసిన గుంత కనబడింది. కోతకు ముందు వాళ్లింట్లో దేవతకు మేకలు బలిచ్చి దేవర చేశారు. కోసిన మేకల కాళ్ల గిట్టలూ తోలు ముక్కలూ మామిడి మొదట్లో పాతితే చెట్టుకు బలమని అక్కడివాళ్ల ఆచారం. ఆ విందులో క్లెమెంట్ అడిగి మరీ రెండోసారి వడ్డించుకున్నాడు. అయినా గుర్తు రాలేదు, చూడండి!

చిరుత కొండెక్కి పోయిందని చెబితే పరువు నిలిచేది. కానీ పోయింది మళ్లీ రాదా అని ఉమేశ్ అడుగుతాడు. పైన కాయ రాలుతూనే ఉంది. సిగ్గుతో చెవులు కాలిపోతున్నా టీ అంగడికే పోయి అందరి ముందూ నిలబడ్డాడు.

"అది చిరుత కాదప్పా, మా బ్రూనో. పాతిపెట్టిన మేక కాళ్లు తవ్వుకోని తినింది. తప్పు నాదే."

ఉమేశ్ నవ్వి నవ్వి టీ ఒలకబోసుకున్నాడు. మధ్యాహ్నానికల్లా జట్టు చెట్లెక్కింది. సాయంత్రానికి అక్కయమ్మ కాయ లారీకెక్కింది.

ఇంక తన దగ్గరికి ఆకు పొట్లాలు రావని క్లెమెంట్ అనుకున్నాడు. ఆ మాటకు మోనికా, దేవుడున్నాడంది. మర్నాడే అక్కయమ్మ పొట్లంతో వచ్చింది.

"నన్నింకా నమ్ముతావామ్మా?" అన్నాడు క్లెమెంట్.

"తప్పయితే తప్పని నువ్వే వచ్చి చెప్తావు గదప్పా. ఇంగేం కావాల?"

క్లెమెంట్ పొట్లం అందుకున్నాడు. బ్రూనో రాత్రంతా కట్టేసే ఉందా అని మోనికాను కేకేసి అడిగి, ఆ తర్వాతే పొట్లం విప్పాడు.