మా ఆయన్ని అన్నా అని పిలిచాను

క్యాన్సర్ మందులు నా నెత్తిన వెంట్రుకలు పట్టుకుపోయి, ఏడాది తిరగకముందే మళ్ళీ తెచ్చిచ్చాయి, అదీ ఉంగరాలు తిప్పి. నన్ను మించిన అదృష్టవంతురాలు లేదనుకుని త్రిపురాంతకంలో మా కిరాణా దుకాణం మళ్ళీ తెరిచాను. అంతలో చూపు మసకబారడం మొదలైంది. ఎండలోకి వస్తే చాలు, ఎదుటి మనిషి ముఖం మీద ఎవరో మజ్జిగ చల్లినట్టు ఉండేది.

ఎవరికీ చెప్పలేదు. రోగం తిరగబెట్టి ఈసారి తలలోకి ఎక్కిందని నాకు నేనే తీర్పు చెప్పుకున్నాను. పైకి అంటే నిజమైపోతుందని భయం. మా ఆయన అప్పుడప్పుడే కడుపునిండా తినడం మొదలుపెట్టాడు. ఆ నాలుగు ముద్దలు చెడగొట్టడం ఎందుకనుకున్నాను.

పైగా మా వైపు ఊళ్ళలో చూపు మందగించిన సంగతి దాచుకోవడం చాలా తేలిక. ఎవరినీ పేరుపెట్టి పిలవనక్కర్లేదు. ఆడమనిషి ఆకారం కనిపిస్తే "రా వదినా", మగమనిషైతే "ఏం కావాలన్నా", నడుము వంగి ఉంటే "పెద్దమ్మా". గొంతు విన్నాక మిగతాది సర్దుకునేదాన్ని. ఒకసారి గడ్డిమోపు మోస్తూ వంగి నడుస్తున్న పెళ్ళికాని పిల్లను పెద్దమ్మను చేశాను. అది చాలా రోజులు మా దుకాణం గడప తొక్కలేదు.

ఒకరోజు మందుల కోసం మార్కాపురం వెళ్ళాను. మా ఆయన కూడా పొలానికి మందు కొట్టే పంపు బాగుచేయించడానికి పొద్దున్నే అక్కడికి వెళ్ళాడు. మధ్యాహ్నం బస్టాండులో, కళ్ళలోకి కొడుతున్న ఎండలో, ఒక మగమనిషి నిలబడి ఉన్నాడు. దగ్గరికి వెళ్ళి మర్యాదగా అడిగాను.

"అన్నా, త్రిపురాంతకం బస్సు పోయినాదా?"

ఆయన నన్ను ఎగాదిగా చూశాడు.

"ఏందే, మందులకు వావివరసలు కూడా పోయినాయా?" అన్నాడు. మా ఆయన గొంతు.

బెంచీ మీద కూర్చున్న ఆడవాళ్ళు నవ్వారు. నేనూ నవ్వబోయాను, ఏడుపు వచ్చింది. బస్సులు వచ్చిపోతుండగా అక్కడే, దాచుకున్న భయమంతా ఆయన ముందు వెళ్ళగక్కాను. ఆయన ఇంకో మాట అడగకుండా నా చెయ్యి పట్టుకుని నేరుగా కళ్ళ ఆసుపత్రికి నడిపించాడు.

డాక్టరమ్మ చుక్కలు వేసి, లైటు పెట్టి చూసింది. "శుక్లాలమ్మా. కీమోతో పాటు ఇచ్చిన స్టిరాయిడ్ల వల్ల తొందరగా వచ్చాయి. పాత రోగం తిరగబెట్టడం కాదిది" అంది. ఆవిడ కాళ్ళకు దండం పెట్టాలనిపించింది. శుక్లం వచ్చిందని మైసూర్‌పాక్ కొనుక్కుని ఇంటికెళ్ళిన మొగుడూ పెళ్ళాం బహుశా మేమే.

ముందు కుడి కన్ను, తర్వాత ఎడమ కన్ను చేశారు. ఆపరేషన్ గురించి చెప్పడానికి పెద్దగా ఏమీ లేదు. మెలకువగా పడుకుని కదలకుండా, మాట్లాడకుండా ఉండమన్నారు. నాకు కష్టమైంది ఆ రెండోదే.

అసలు సందడి ఇంటికొచ్చాక. క్యాన్సరప్పుడు వాకిట్లోనే గుసగుసలాడి వెళ్ళిపోయినవాళ్ళు ఇప్పుడు మంచం చుట్టూ చేరి, తమ చుట్టాల కళ్ళ కథలన్నీ చెప్పారు. డాక్టరమ్మ అన్నీ తినమన్నా మా అత్త వంకాయ, గోంగూర బందు పెట్టింది.

"డాక్టరమ్మకు కన్ను తెలుస్తాది గాని, వంకాయ ఏం తెలుస్తాది?" అంది.

నల్ల కళ్ళద్దాలు పెట్టుకుని పథ్యపు పప్పే తిన్నాను.

చివరిసారి చూపించుకోవడానికి వెళ్ళినప్పుడు గోడ మీది అక్షరాలు అడుగు వరస దాకా చదివాను. మా ఆయనకు మాత్రం అనుమానం తీరలేదు.

"కంటి లోపల పెట్టిన అద్దం ఎన్నాళ్ళు పనిచేస్తాదమ్మా?" అని అడిగాడు.

"ముప్పై ఏళ్ళయినా ఢోకా లేదు" అంది డాక్టరమ్మ, తల ఎత్తకుండా చుక్కల మందుకు చీటీ రాస్తూ.

జబ్బు చేసినప్పటి నుంచి ఏ డాక్టరూ తర్వాతి పరీక్ష దాటి ముందు సంగతి నాతో మాట్లాడలేదు. నేనూ అంతకు మించి ఆలోచించడం మానేశాను. ఉన్న చీరలు చాలవా అనుకుని కొత్తవి కొనుక్కోవడం కూడా మానేశాను.

మొదటిసారే వినపడింది. అయినా, "ఎన్నేళ్ళు మేడం?" అని మళ్ళీ అడిగాను.

"ముప్పై" అంది.

బయటికి రాగానే మా ఆయన బస్టాండు వైపు నడిచాడు. నేను చీరల దుకాణం వైపు తిరిగాను.