తిరిగి రాలేదని చెప్పిన పుస్తకం

ఇన్నేళ్లుగా ఇది ఎవరికీ చెప్పలేదు. మా ఆవిడకి కూడా. రిటైరైన రోజు మెడలో దండ వేసి నా నిజాయితీని పొగుడుతుంటే తల దించుకుని కూర్చున్నాను. అందరూ వినయమనుకున్నారు. మీరెవరో నాకు తెలియదు. అందుకే మీతో చెప్పగలుగుతున్నాను.

హుస్సేనీ ఆలం బస్తీలో ఒక చిన్న గ్రంథాలయంలో పనిచేశాను. వేరే ఊళ్ల గ్రంథాలయాలు అడిగిన పుస్తకాలు పంపడం, వాటిని తిరిగి రాబట్టుకోవడం నా పని. తొంభైలలో గుడ్డలో కుట్టి పోస్టులో పంపేవాళ్లం. తర్వాత స్కానర్ వచ్చింది. పేజీలు ఈమెయిల్లో పంపితే సరిపోయేది.

మల్లేశ్ మా ఇంటికి పాలు పోసేవాడు. వాళ్ల నాన్న బస్తీలో బర్రెలకు మందులిచ్చిన మనిషి. తన దగ్గరున్న పశువైద్యం పుస్తకం అంచుల నిండా పెన్సిల్‌తో సొంత అనుభవం రాసుకున్నాడు. ఆయన పోయాక, ఇంట్లో చెమ్మకు పాడవుతుందని మల్లేశ్ దాన్ని మా గ్రంథాలయానికి ఇచ్చాడు. ఆయన చేతిరాత ఇంకెక్కడా లేదు.

ఆ పుస్తకం కావాలని వేరే ఊరి కాలేజీ లైబ్రరీ అడిగింది. లావు పుస్తకం, స్కానర్ మీద సరిగా పరుచుకోదు. దానంగా వచ్చిన పుస్తకాల కుట్టు విప్పకూడదని మా నియమం. నేను ఆ కుట్టు కోసేశాను. పని తొందరగా తెములుతుందని, అంతే. ఫైలు పెద్దదైతే వెళ్లదని నలుపు తెలుపుల్లో స్కాన్ చేశాను. అచ్చు వచ్చింది. పెన్సిల్ రాత రాలేదు. చూసి కూడా పంపేశాను.

అక్కడితో ఆగినా బాగుండేది. మరో వారంలో పుస్తకాల తనిఖీ. ఆ విడి కాగితాలు కంటబడితే సంజాయిషీ అడుగుతారని, నా చేతులతోనే వాటిని తూకానికి అమ్మే చిత్తు కాగితాల మూటలో కలిపి పంపేశాను. రిజిస్టర్లో మాత్రం ‘కాలేజీకి పంపాం, తిరిగి రాలేదు’ అని రాశాను. ఉద్యోగం పోయేదా? పోదు. మహా అయితే ఒక మెమో. అంత చిన్న భయానికి ఒక మనిషి రాతను లేకుండా చేశానా?

కొన్ని నెలలకు, కూతురికి తాత రాత చూపిద్దామని మల్లేశ్ వచ్చాడు. రిజిస్టర్లో రాసిందే చెప్పాను. అతను పాలపని తమ్ముడికి అప్పగించి, బస్సెక్కి ఆ ఊరు వెళ్లాడు. మూడో రోజు నా బల్ల ముందు నిలబడ్డాడు.

“పుస్తకం రానే రాలేదంటున్రు సార్. కంప్యూటర్ల కాగితాలే వచ్చినయంట. మస్తు లొల్లి జేసిన. మీరు పంపిన్రు గదా?”

“పంపాను.”

“నాకెర్కే. మీరెందుకు అబద్ధం జెప్తరు? ఫికర్ జెయ్యకుండ్రి సార్, మీ తప్పేం లేదు.”

నన్నే ఓదార్చాడు. అప్పుడైనా నోరు విప్పొచ్చు కదా? విప్పలేదు. మర్నాడూ పాలు పోశాడు, నేను తాగాను. సిగ్గుతో చచ్చిపోతూనే తాగాను.

ఇప్పుడు చెప్పినా అతనికి ఇవ్వడానికి నా దగ్గర ఒక్క కాగితమూ లేదు. ఆ కాలేజీ వాళ్లు ఏ తప్పూ చేయలేదు. మల్లేశ్ తండ్రి రాతను పారేసింది నేనే. ఇన్నేళ్లకు ఆ మాట ఇక్కడ రాశాను.